పోచంపల్లి చీర ఆన్‌లైన్‌లో కొనొచ్చా? నాణ్యత దిగజారడానికి కారణం యాప్‌లా, మనమా?

కృష్ణాతీరం:
ఆన్‌లైన్ వచ్చాక చేనేత పేరుకి విలువ లేకుండా పోయిందని నా వాదన. ఏ యాప్‌లోనైనా ‘పోచంపల్లి ఇక్కత్’ అని కొట్టి చూడండి, ఆరేడొందలకే వరసగా కనిపిస్తాయి. మా ఆడపడుచు అలాంటిదే ఒకటి తెప్పించుకుంది. ఫొటోలో అసలుకి ఏమాత్రం తీసిపోదు. చేతికొచ్చాక కొంగు తిరగేస్తే లోపలివైపు వెలిసిపోయినట్టుంది. పాలిస్టర్ గుడ్డ మీద ప్రింటు! ఇక్కత్‌లో నూలుకే ముందు ముడులేసి రంగులద్ది, ఆ తర్వాత నేస్తారు కాబట్టి డిజైను రెండువైపులా దిగుతుంది. మడత విప్పి, వేలితో తడిమి, వెలుతుర్లో పెట్టి చూసే అలవాటు మన ఇళ్ళల్లో ఉండేది. ఇప్పుడు ఫొటో, స్టార్లు, డిస్కౌంటు, అంతే. మీరేమంటారు?

సముద్రపుగాలి:
అక్కా, దుకాణాల్లో మోసం లేదా? మా ఊళ్ళో పెళ్ళిబట్టలకి వెళ్తే ప్యూర్ పట్టని చెప్పి ఆర్ట్ సిల్కు, అంటే కృత్రిమ పట్టు, అంటగట్టారు. వెనక్కి తీసుకోమంటే ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న బోర్డు చూపించారు. ఆన్‌లైన్‌లో కనీసం రిటర్న్ ఉంది. పైగా చిన్న ఊళ్ళలో ఉండేవాళ్ళకి దుకాణదారు ఏది తెస్తే అదే గతి. 2010లో ఫ్లిప్‌కార్ట్ సరుకు చేతికొచ్చాకే డబ్బివ్వొచ్చు అన్నాక కదా మనలాంటివాళ్ళకి ధైర్యం వచ్చింది! మా అమ్మ ఇప్పుడు ఉప్పాడ చీర, గద్వాల చీర పక్కపక్కన పెట్టి చూసుకుంటోంది. ఆ అవకాశం ఆవిడకి ముందెప్పుడూ లేదు.

గుంటమగ్గం:
మాది పోచంపల్లి దగ్గరనే. అమ్మ, నాయిన ఇద్దరూ మగ్గం పనే. ఆన్‌లైన్ వద్దని నేననను. ముందుగాల మాస్టర్ వీవర్ నూలు ఇస్తుండె, కూలి ఇస్తుండె, చీర తీస్కపోతుండె. ఎంతకమ్మిండో మాకు తెల్వది. ఇప్పుడు వాట్సాప్‌ల ఫొటో పెడితే బెంగళూరు నుంచి సీదా మాకే ఆర్డర్ వస్తది.

కని అదే ఫొటో మా కొంప ముంచుతది. డిజైన్ బయటికి పోయిన కొన్ని దినాలకే ప్రింటుల దిగుతది. చిటికి కట్టుడు (నూలుకు ముడులేసుడు), రంగులద్దుడు, ఆసు పోసుడు (నూలును చేత్తోని మేకుల చుట్టూ తిప్పుడు), ఇంత పనుంటది అక్కా. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చెయ్యి వేలసార్లు ఇటూ అటూ ఆడాలె. చింతకింది మల్లేశం గారు వాళ్ళమ్మ భుజాల నొప్పి చూడలేకనే ఆసు మిషన్ కనిపెట్టిండు. 2017ల పద్మశ్రీ ఇచ్చిన్రు. గట్ల నేసిన చీర పక్కన అదే పేరుతోని ఆరొందల చీర పెడితే, మేమే దోచుకుంటున్నమని అనుకుంటరు. ‘గంత రేటా?’ అని మొఖం మీదనే అంటరు. ఆ మాట పడలేక కొందరు నూలు మార్చిన్రు, నేత పల్చగ చేసిన్రు. అసలు చీర నాణ్యత గూడ గిట్లనే తగ్గుతున్నది. నాకు గదే బాధ.

లెక్కలమాస్టారు:
తమ్ముడు చెప్పిన చివరి మాటే ఈ చర్చకి కీలకం. నకిలీ సరుకు కొన్నవాళ్ళనే కాదు, నికార్సుగా చేసేవాళ్ళనీ కిందికి లాగుతోంది.

చట్టాలకేం కొదవలేదు. పోచంపల్లి ఇక్కత్‌కి భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది, అంటే ఆ ప్రాంతపు అసలు నేతకే ఆ పేరు వాడాలి. చేనేతకే కేటాయిస్తూ 1985లో వచ్చిన చట్టం కింద 11 రకాలున్నాయి, వాటిలో చీర ఒకటి. అది మరమగ్గాన్ని అడ్డుకునే చట్టం. ప్రింటు గుడ్డ దగ్గర దొంగతనమంతా పేరులోనే ఉంది, కాబట్టి పేరు మీదే పట్టుకోవాలి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రకటించినట్టు లేని సరుకుని వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

కృష్ణాతీరం:
మాస్టారూ, ఆరొందల చీర కోసం ఎవరు ఫోన్ చేస్తారండీ? మా ఆడపడుచు రిటర్న్ కూడా పెట్టలేదు, ఇంట్లో కట్టుకుందాంలే అని ఊరుకుంది. ఇలా ఊరుకునేవాళ్ళ మీదే ఈ వ్యాపారం నడుస్తోంది. రిటర్న్ పెట్టినా అదే చీర మరొకరి ఇంటికి వెళ్తుంది. అసలు ఆ పేరు పెట్టి అమ్మకానికి ఎక్కించేటప్పుడే యాప్‌వాళ్ళు ఆధారం అడగాలి. కమీషన్ తీసుకునేవాళ్ళకి ఆ బాధ్యత లేదా?

గుంటమగ్గం:
ఉన్నది అక్కా. ప్రింటు చీర కట్టుకునేటోళ్ళ మీద నాకు కోపం లేదు, అందరి దగ్గర వేలుండవు. ప్రింటు అని రాసి అమ్మమనే అంటున్న. కొనేటోళ్ళు గూడ చీర వెనకదిక్కు వీడియో అడగుండ్రి. మగ్గం మీద ఉన్నప్పుడే అడిగినా తీసి పంపుతం.

సముద్రపుగాలి:
తప్పకుండా అడుగుతాను తమ్ముడూ. కానీ మీవైపు కూడా ఒకటి మారాలి. ధరెంత అని అడిగితే ‘ఇన్‌బాక్స్‌కి రండి’ అంటారు చాలామంది. ఒక్కొక్కరికి ఒక్కో రేటు చెప్తున్నారేమో అన్న అనుమానం అక్కడే పుడుతుంది. ధర, నూలు రకం, నేతకి ఎన్ని రోజులు పట్టిందో ఫొటో కిందే రాయండి. మా అమ్మ లాంటివాళ్ళు ఆరొందల దానికీ మీ దానికీ తేడా ఏంటో అక్కడే చదువుకుంటారు.