కర్నూలు వన్‌టౌన్ సందులు వెడల్పు చేయాలా, అట్లే ఉంచాలా?

హంద్రీ ఒడ్డు: మొన్న హైదరాబాద్ నుంచి మా పిన్ని వాళ్ళు వచ్చినారు. కొండారెడ్డి బురుజు చూపిద్దామని తీసుకపోతే కారు ఆపేదానికి చోటు దొరక్క మూడు చుట్లు తిరిగి, కిటికీలోంచే చూపించి వచ్చేసినా. పాతూరు రోడ్లు కొట్టి పెద్దగా చేస్తే తప్పేముందప్పా? మీరేమంటారు?

సీక్యాంప్ పిల్లోడు: చేయాల్సిందే. మా అవ్వకు ఆయాసం వచ్చిన రాత్రి అంబులెన్సు సందులోకి రాలేదు, కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరం మెయిన్ రోడ్డు దాకా మోసుకొచ్చినాం. ఆ తర్వాతే మేం సీ క్యాంప్‌కు మారినాం. ఫొటోలు తీసుకునేటోళ్ళకు పాతదనం బాగుంటాది, ఆడ కాపురం ఉండేటోళ్ళను అడగండి.

కందెనవోలు: తమ్ముడూ, అవ్వ సంగతి చదివి మనసు కలుక్కుమనింది. కానీ సీ క్యాంప్ ఎట్ల పుట్టిందో ఒకసారి చూడు. 1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఆఫీసులకు, ఉద్యోగులకు చోటు చాలక గుడారాలు వేసినారు, ఆ క్యాంపుల పేర్లే ఇప్పటికీ నిలిచినాయి, అంటే ఊరు ఇరుకైందని ఆ రోజు పాతూరిని పడగొట్టలేదు, పక్కన ఇంకో ఊరు కట్టుకున్నారు. అచ్యుతరాయల కాలం కోట గోడలు చాలావరకు ఎప్పుడో పోయినాయి, ఈ బురుజు నిలిచింది, ఇప్పుడు సందులు కూడా తీసేస్తే అది ట్రాఫిక్ మధ్యలో ఒక రాళ్ళగుట్ట లెక్క అయిపోతాది. పొద్దున్నే పూల అంగళ్ళ వాసన, ఉగ్గాని బజ్జి పొగ, పక్కనే నమాజు పిలుపు, అవన్నీ ఉంటేనే అది బురుజు. ఇంకోటి, హంద్రీ నది గట్టున అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి, అదే మన గోల్ గుంబజ్, రెండు గుమ్మటాలు, మనూరోళ్ళలో ఎంతమంది లోపలికి పోయి చూసినారు?

అంగడి అన్న: నాది రోడ్డు పక్క అంగడి. 2009 అక్టోబర్ వరదలో సరుకంతా బురద అయింది, మళ్ళీ అప్పు చేసి నిలబెట్టినా. వెడల్పు అంటే ముందర పోయేది నా గోడే. ముందు మురుగు కాల్వలు బాగు చేయండి, పొద్దున సాయంత్రం కార్లు లోపలికి రానీకండి, అప్పుడు కొట్టే మాట మాట్లాడుకుందాం.

హంద్రీ ఒడ్డు: కార్లు ఆపడం మంచి మాటే అన్నా. ఈసారి పిన్ని వాళ్ళొస్తే బండి బయటే పెట్టి గోల్ గుంబజ్ నుంచి బురుజు దాకా నడిపిస్తా.

సీక్యాంప్ పిల్లోడు: నడిచేటోళ్ళ సంగతి సరే అన్నా, మా అవ్వ లాంటోళ్ళు ఇంకా ఆ సందుల్లోనే ఉండారు. కార్లు ఆపినా అంబులెన్సు పట్టే దారి ఒక్కటైనా వదలాల, ఆ ఒక్కటి ఎవరి గోడ తీసి ఇస్తారో చెప్పండి.