ఏఫిబ్: అబ్లేషన్ తేదీ వచ్చేలోగా అర్ధరాత్రి దడతో నిద్ర ఎలా?

మా నాన్నగారికి (64) పారాక్సిస్మల్ ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (ఏఫిబ్: గుండె లయ తప్పి కొట్టుకోవడం; అప్పుడప్పుడు వచ్చి తగ్గే రకం). అబ్లేషన్‌కి (గుండెలో లయ తప్పించే చోట్లను పనిచేయకుండా చేసే చికిత్స) ఇంకా రెండు నెలలు ఆగాలి. మందులు: మెటోప్రొలాల్ ఎక్స్‌ఎల్ 50 (గుండె వేగం తగ్గించేది) రాత్రి ఒకటి, అపిక్సబాన్ 5 ఎంజీ (రక్తం గడ్డకట్టకుండా) రెండు పూటలా. ఎకో, థైరాయిడ్, పొటాషియం అన్నీ మామూలే.

దడ దాదాపు ఎప్పుడూ రాత్రి 2-3 మధ్య మొదలవుతుంది. నాడి 110 నుంచి 135 దాకా, ఒక లయ ఉండదు. నాలుగైదు గంటల తర్వాత దానంతటదే సర్దుకుంటుంది. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం లేవు (ఉంటే నేరుగా ఎమర్జెన్సీకే రమ్మన్నారు). ఆ సమయంలో డిజిటల్ బీపీ మిషన్ ఒక్కోసారి ఒక్కో అంకె చూపిస్తుంది, అందుకే మూడుసార్లు తీసి సగటు రాస్తున్నాం.

రాత్రి భోజనం ఏడింటికి మార్చాం, మధ్యాహ్నం తర్వాత కాఫీ లేదు. ఎడమవైపు తిరిగితే గుండె చప్పుడు మరీ తెలుస్తుందని కుడివైపు పడుకుంటున్నారు. గురక ఉందని స్లీప్ స్టడీ చేయించాం, ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగడం) లేదన్నారు. ఊపిరి బిగబట్టి ముక్కడం, ముఖానికి చన్నీళ్లు లాంటివి ఎస్‌వీటీకి (గుండె ఉన్నట్టుండి వేగంగా కొట్టుకునే వేరే జబ్బు) పనికొస్తాయి గానీ ఏఫిబ్‌కి కాదు, దయచేసి అవి చెప్పొద్దు. నిద్రమాత్రలు డాక్టరు వద్దన్నారు. దడ కన్నా, మణికట్టు మీద వేళ్లు పెట్టుకుని తెల్లవార్లూ కూర్చోవడమే ఆయన్ని ఎక్కువ కుంగదీస్తోంది.

అబ్లేషన్‌కి ముందు ఇలాంటి రాత్రులు గడిపినవాళ్లు, దడ నడుస్తుండగానే మళ్లీ నిద్ర పట్టడానికి ఏం చేశారు?