చెరువులో ఆగిన జేసీబీ: ఆర్మ్ పైపు పగిలింది, సైటులోనే అతకొచ్చా?

ప్రశ్న: చెరువుపని

అన్నలారా, పూడిక తీసే చోట వెనక ఆర్మ్ సిలిండర్‌కి వెళ్ళే హైడ్రాలిక్ పైపు పగిలింది. పైపు మీద 2ఎస్ఎన్ (రెండు తీగ పొరలది), డాష్ 8 (అర ఇంచీ సైజు), 275 బార్ (ఓర్చుకునే ఒత్తిడి) అని అచ్చు ఉంది. ఫిట్టింగుకు జానెడు దూరంలో క్లాంపు అంచుకి ఒరుసుకుని రబ్బరు పోయింది, తుప్పు పట్టిన తీగ తేలింది, సరిగ్గా అక్కడే చీలింది. బకెట్ నేల మీదే ఉంది. బూమ్ (ఆర్మ్‌ని మోసే పెద్ద చెయ్యి), జాకులు (బండిని నేలకి ఆనించే కాళ్ళు), ముందు బకెట్ పనిచేస్తున్నాయి. ఫిట్టింగుని పైపుకి నొక్కి బిగించే క్రింపింగ్ మిషను ఉన్న షాపు 50 కిలోమీటర్లు. దగ్గర ఉన్నవి హ్యాక్సా, పానాల సెట్టు, క్లిప్పులు, సైకిల్ ట్యూబు, ఎంసీల్, అర ఇంచీ జీఐ పైపుముక్క. మబ్బు పట్టింది. వాన పడితే నల్లమట్టిలో బండి దిగబడిపోతుంది. ఉన్నవాటితో అతికి గట్టెక్కించే దారి చెప్పండి.

జవాబు 1: ఆటోనగర్ పైపులు

ఆ జీఐ ముక్కని రెండు పైపుల మధ్య దూర్చి క్లిప్పులు బిగించే ఆలోచన మానుకోండి. లెక్క చూడండి. అర ఇంచీ పైపు లోపలి వైశాల్యం సుమారు 1.27 చదరపు సెంటీమీటర్లు. లైన్లో 250 బార్ వస్తే ఆ జాయింటును విడదీయడానికి దాదాపు 320 కిలోల బలం లాగుతుంది. క్లిప్పు అంత పట్టదు. ఊడిన ముక్క ఎటు ఎగురుతుందో, ఎవరికి తగులుతుందో చెప్పలేం.

ట్యూబు చుట్టడం, ఎంసీల్ పెట్టడం కూడా దండగే. ఆయిల్ బయటికి కనిపించే చోటే కారుతోందనుకోకండి. లోపలి రబ్బరు చీలాక ఆయిల్ తీగ అల్లిక వెంట పాకి, పై రబ్బరు ఎక్కడ పలచగా ఉంటే అక్కడ పొక్కులా ఉబ్బి వస్తుంది. ఒకచోట కడితే బెత్తెడు అవతల తన్నుకొస్తుంది. వెల్డింగ్ మాట అసలొద్దు. పక్కనే రబ్బరు, వేడి ఆయిల్ ఉంటాయి.

క్లిప్పులు పనికొచ్చేది ట్యాంకుకి తిరిగొచ్చే రిటర్న్ పైపుకి, పంపుకి పోయే సక్షన్ పైపుకి. వాటిలో ఒత్తిడి తక్కువ. అయినా సక్షన్ పైపుకి క్లిప్పు వదులైతే ఆయిల్ బయటికి కారదు, గాలి లోపలికి లాగుతుంది. ట్యాంకులో నురగ వస్తుంది, పంపు గరగరలాడుతుంది. అలా నడిపితే పైపు ధర మిగిలి పంపు పోతుంది.

జవాబు 2: బండి మెకానిక్

తమ్ముడూ, ముందు బండిని బయటికి తెచ్చుకో, పైపు సంగతి తర్వాత. గట్టెక్కడానికి ఆర్మ్ కదలాల్సిన పని లేదు, ఉన్నచోట బిగుసుకుని ఉంటే చాలు.

బకెట్, ఆర్మ్ రెండూ నేలకి ఆనాయో లేదో చూడు. ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి, వెనక లీవర్లన్నీ నాలుగు వైపులా ఐదారు సార్లు ఆడించు. ట్యాంకు మూత మెల్లగా తిప్పి లోపలి గాలి వదులు. అప్పుడు కూడా నట్టు ఒక్కసారిగా విప్పకు. సగం చుట్టు వదులు చేసి ఆగు, ఆయిల్ చిమ్మడం తగ్గాక మిగతాది. పనిచేసి ఆపిన బండిలో ఆయిల్ 70, 80 డిగ్రీల వేడి ఉంటుంది, చర్మం కాలుతుంది.

ఆర్మ్ సిలిండర్‌కి రెండు పైపులుంటాయి. పగిలినదొక్కటే విప్పి మూసేస్తే సరిపోదు. రెండూ విప్పి, సిలిండర్ వైపు రెండు పోర్టులకీ (పైపు బిగించే నోళ్ళకీ), లీవర్లు నడిపే వాల్వ్ వైపు రెండింటికీ ఆ సైజు హైడ్రాలిక్ స్టీల్ ప్లగ్గులు (మర మూతలు) బిగించు. కారణం చెప్తా. సిలిండర్ బోర్ (లోపలి వ్యాసం) 100 మిల్లీమీటర్లు, రాడ్ 60 అనుకో. రాడ్ వైపు మూసేసి, ఎవరో లీవర్ కదిపి అవతలి వైపు 250 బార్ ఇస్తే, రాడ్ వైపు వైశాల్యం తక్కువ కాబట్టి అక్కడ ఒత్తిడి 1.56 రెట్లు, అంటే 390 బార్ దాకా ఎక్కుతుంది. సీళ్ళు పోతాయి, ప్లగ్గు తన్నేస్తుంది. రెండూ మూస్తే ఆర్మ్ ఉన్నచోటే లాక్ అవుతుంది. దాని మీదే భరోసా పెట్టక, ఆర్మ్‌ని బూమ్‌కి గొలుసుతో కట్టు. ఆర్మ్ లీవర్‌ని కదలకుండా తాడుతో కట్టేయ్.

ఆ తర్వాత బూమ్ లేపి, జాకులు ఎత్తి, ముందు బకెట్ నేలకి తగలకుండా పట్టుకుని బయటికి తోలు. వెనక ఎవరూ నిలబడకూడదు.

ప్లగ్గులు లేవా? బ్రేకర్ (రాళ్ళు పగలగొట్టే సుత్తి) లైను ఖాళీగా ఉంటే దాని పైపులు చూడు. సైజు, అచ్చు, ఫిట్టింగు, పొడవు నాలుగూ కలిస్తే పగిలినదాని స్థానంలో ఒకటి వేసుకో, విప్పిన లైను రెండు కొసలూ మూసేయ్. దాన్ని మించిన తాత్కాలిక రిపేరు లేదు. ఒక్కటి గుర్తుంచుకో: రిటర్న్ లైనుకి గానీ, మోటారు కేస్ డ్రెయిన్‌కి (మోటారు లోపల కారిన ఆయిల్ ట్యాంకుకి పోయే లైనుకి) గానీ ఎప్పుడూ ప్లగ్గు వేయకు. షాఫ్ట్ సీల్ బయటికి తన్నుకొస్తుంది.

జవాబు 3: సైట్ భద్రత

లీకు ఎక్కడో వెతకడానికి చెయ్యి పెట్టొద్దు. గుడ్డ చుట్టుకున్న చెయ్యి కూడా వద్దు. అట్టముక్కని కర్రకి కట్టి పైపు వెంట జరపండి, తడి మరక పడిన చోట లీకు. సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే ధార 7 బార్ దగ్గరే చర్మం చీల్చుకుని లోపలికి పోగలదు. మీ లైన్లో దానికి ముప్ఫై రెట్లకు పైనే. మొదట చిన్న చుక్క కనిపిస్తుంది, నొప్పి కూడా అంతగా ఉండదు, అందుకే మోసపోతారు. టీటీ ఇంజక్షను వేయించుకుని ఇంటికి పోయే గాయం కాదది. గంటల్లోనే ఆపరేషను చేసి ఆయిల్ తీయాలి, ఆలస్యమైతే వేలు దక్కదు. పెద్దాసుపత్రికి వెళ్ళి, ఒత్తిడితో ఆయిల్ లోపలికి పోయిందని, ఏ ఆయిలో కూడా చెప్పండి.

చెరువుపని:

ప్లగ్గులతో గట్టెక్కింది, అన్నా. చాలా సాయం చేశారు. ఇప్పుడు షాపులో కొత్త పైపు రెండు రోజులంటున్నారు. క్రింపింగ్ లేకుండా చేత్తో బిగించే ఫిట్టింగులు దొరుకుతాయట. 2ఎస్ఎన్‌కి వాడొచ్చా?

జవాబు 4: ఆటోనగర్ పైపులు

వాడొచ్చు. వాటిని రీయూజబుల్ ఫిట్టింగులంటారు. పైపు బయట తొడిగేది సాకెట్, లోపలికి దూరేది నిపుల్. ఒక తీగ పొరకి, రెండు పొరలకి సాకెట్ వేరు. 2ఎస్ఎన్, డాష్ 8 అని చెప్పి అడగండి. తీగని అల్లకుండా చుట్టిన నాలుగు పొరల స్పైరల్ పైపుకి మాత్రం ఇవి వద్దు.

దెబ్బతిన్న చోటికి అటూ ఇటూ తుప్పు లేని, మెరిసే తీగ కనిపించేదాకా కోసేయండి. సన్నపళ్ళ బ్లేడు, 32 పళ్ళది, లేదా కటింగ్ చక్రం వాడి నిటారుగా కోయాలి. ఏటవాలుగా కోస్తే ఫిట్టింగు అడుగుకి ఒకవైపే ఆనుతుంది, అక్కడి నుంచే లీకు. కోసిన ప్రతి కొసలో తీగ పొడి, రబ్బరు పొడి ఉంటాయి. శుభ్రమైన గుడ్డని తీగతో లాగి, గాలి కొట్టి, ఆయిల్‌తో కడగండి. ఇక్కడ బద్ధకిస్తే ఒక్క తీగముక్క వాల్వ్ లోపల జరిగే స్పూల్లో ఇరుక్కుంటుంది, అప్పుడు పైపు కాదు వాల్వ్ బ్లాకు విప్పాలి.

సాకెట్‌ది ఎడమ మర. సాకెట్‌ని వైసులో పట్టి పైపుని అపసవ్యంగా తిప్పుతూ అడుగు తగిలేదాకా ఎక్కించి, పావు చుట్టు వెనక్కి తిప్పండి. నిపుల్‌కీ పైపు లోపలికీ ఆయిల్ బాగా రాసి, నిపుల్‌ని సవ్యదిశలో బిగించండి. నిపుల్ హెక్సుకీ (పానా పట్టే ఆరు పలకల భాగానికీ) సాకెట్‌కీ మధ్య మిల్లీమీటరు సందు మిగిలితే సరి. ఆయిల్ రాయకపోతే నిపుల్ లోపలి రబ్బరుని చీరేసి తొనలా మడిచేస్తుంది. బయటికి కనపడదు, దారి మూసుకుపోతుంది.

రెండు కొసల్నీ కలిపేది హైడ్రాలిక్ డబుల్ నిపుల్ (రెండు వైపులా మర ఉన్నది) కావాలి, నీళ్ళ పైపుది కాదు. మర కొలవండి. మర రకాలు రెండు కనిపిస్తాయి. అర ఇంచీ బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు మర) మగ మర వ్యాసం సుమారు 20.9 మిల్లీమీటర్లు, ఇంచీకి 14 మరలు. ఓ-రింగు ముఖం ఉండే ఓఆర్ఎఫ్ఎస్ రకానిది 20.6, 16 మరలు. చూపుకి రెండూ ఒకటే, రెండు చుట్లు పట్టి ఇరుక్కుంటాయి. ముఖం చూస్తే తెలిసిపోతుంది: బీఎస్‌పీది శంకువు, ఓఆర్ఎఫ్ఎస్‌ది బల్లపరుపు. టెఫ్లాన్ టేపు చుట్టకండి. శంకువు దగ్గరే సీలు, మర దగ్గర కాదు. రెండు పానాలు పెట్టి బిగించండి, లేకపోతే పైపు మెలిపడుతుంది. అచ్చు గీత తిన్నగా ఉండాలి.

ఆ జాయింటు వంగదు. అర ఇంచీ 2ఎస్ఎన్‌కి వంపు అర్ధవ్యాసం 180 మిల్లీమీటర్లకి తగ్గకూడదు, కాబట్టి జాయింటు వంపులో పడకుండా తిన్నగా ఉండే చోట పెట్టండి. పైపు ఒత్తిడికి 4 శాతం దాకా పొట్టి కావచ్చు, కొంచెం వదులు ఉంచండి.

చెరువుపని:

బిగించాం, లీకు లేదు. కానీ ఆర్మ్ కుదుపుతూ కదులుతోంది.

జవాబు 5: బండి మెకానిక్

గాలి. తక్కువ ఆర్‌పీఎంలో, చివరంటా గుద్దకుండా, ఆర్మ్ మెల్లగా పది సార్లు లోపలికీ బయటికీ నడుపు. పోయిన ఆయిల్ అదే గ్రేడు (చిక్కదనం నంబరు), 46 అయితే 46, 68 అయితే 68 పోయి. మట్టం చూసేటప్పుడు సిలిండర్లు మాన్యువల్ చెప్పిన స్థితిలో ఉండాలి, లేకపోతే తప్పు చూపిస్తుంది. కుదుపు పోయాక ఆర్మ్‌ని చివరకి తీసుకెళ్ళి ఐదు సెకన్లు రిలీఫ్ మీద (ఒత్తిడి హద్దుకి చేరితే తెరుచుకునే వాల్వ్ తెరుచుకునేలా) నిలిపి, దూరం నుంచి అట్టముక్కతో చూడు. ఆ జాయింటుతో బ్రేకర్ కొట్టొద్దు. కొత్త పైపు వచ్చేదాకా పొద్దున్నే ఒకసారి సాకెట్ అంచు తడిగా ఉందేమో చూసుకో. కొత్తది వేసేముందు ఆ క్లాంపు అంచుని ఆకురాయితో గుండ్రంగా చేసి, పైపు మీద పాత పైపు చీల్చి తొడుగులా వేయి. లేకపోతే అది కూడా జానెడు దూరంలోనే పోతుంది.