సీజియం మట్టిలో ఎలా ఆగిపోతుందో చూపే ప్రయోగం కుదరడం లేదు

దేవరకొండ దగ్గర బడిలో సైన్స్ చెప్తాను. పెద్దగట్టు, లంబాపూర్ యురేనియం నిక్షేపాల మాటలు వింటూ పెరిగిన పిల్లలు, 1986 చెర్నోబిల్ అణు ప్రమాదంలో నేల మీద పడిన సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం గురించి చెప్తే, "సార్, వానలకు అది కొట్టుకుపోలేదా?" అని అడిగారు. మంచి ప్రశ్న. సీజియం-137 అర్ధాయుష్షు, అంటే అది సగానికి తగ్గడానికి పట్టే కాలం, దాదాపు 30 ఏళ్లు. బంకమట్టి రేణువులు దాన్ని గట్టిగా పట్టుకుంటాయి కాబట్టి చాలావరకు పైపొరలోనే ఉండిపోతుంది, ఇసుక నేలల్లో ఆ పట్టు తక్కువ. దీన్ని కళ్లారా చూపిద్దామనుకున్నాను.

సీజియం బదులు మిథిలీన్ బ్లూ అనే నీలం రంగు వాడుతున్నాను, మట్టిలోని సీజియంలాగే అదీ ధనావేశమున్నదే. రెండు లీటరు సీసాల్లో 15 సెంటీమీటర్ల ఎత్తున ఒకదాంట్లో బంక ఎక్కువుండే రేగడి, ఇంకోదాంట్లో ఇసుక పాలు ఎక్కువుండే చెల్క మట్టి నింపి, 100 మిల్లీలీటర్ల నీలం నీళ్లు, ఆపైన అర లీటరు మంచినీళ్లు పోశాను. మర్నాడు సీసా నిలువుగా కోస్తే రెండింట్లోనూ నీలం పై 2 సెంటీమీటర్లలోనే ఆగింది, కింద నుంచి తేటనీళ్లే కారాయి. రేగడిలో నీళ్లు నాలుగు గంటలు పైనే నిలిచాయి. రంగు రెట్టింపు చేశాను, తేడా లేదు. చెల్కలో సగం ఇసుక కలిపితే 4 సెంటీమీటర్ల దాకా దిగింది గానీ, అది మా పొలాల మట్టి కాదు కదా, పిల్లలకు అలా చూపడం నాకిష్టం లేదు.

వచ్చే శుక్రవారమే సైన్స్ ఫెయిర్, టెన్షన్‌గా ఉంది. మట్టిలో ఏమీ కలపకుండా రేగడికీ చెల్కకూ తేడా స్పష్టంగా కనపడాలంటే మిథిలీన్ బ్లూకు బదులు బడి ల్యాబ్‌లో దొరికే ఏ రంగు వాడాలి?