సమస్య: దుఃఖములు లేని లోకము తుచ్ఛమగును (తేటగీతి)

నిర్వాహకుడు, విజయనగరం: ఏ కష్టమూ లేని సమాజం వచ్చేస్తే అది మనకు నిజంగా కావాలా? ఆ కోణంలో, పై వాక్యమే చివరి పాదంగా వచ్చేలా ముందు మూడు పాదాలు రాసి పూరించండి. వేదాంతం వద్దు, మన జిల్లాల వాసన ఉండాలి.

బొబ్బిలి మాస్టారు:
పనస కర్రను తొలిచిన బాధ లేక
తీగ బిగువన్నదే లేక తీయగాను
పలుకఁగలదె బొబ్బిలి వీణ బావగారు!
దుఃఖములు లేని లోకము తుచ్ఛమగును

సాలూరు సభ్యురాలు: ధార బాగుంది మాస్టారూ. యతి కోసం, అంటే పాదం మొదటి అక్షరం 'ప'కి జోడీగా 'బా' రావాలని, బావగారిని పిలవడం చూసి నవ్వాపుకోలేకపోయాను. కానీ తీగ బిగువు శ్రుతి కోసం. కడుపుకోత ఏ శ్రుతి కోసం? రెండింటినీ ఒకే గాటన కట్టేశారు.

కవిటి సభ్యుడు: కిడ్నీ జబ్బుతో నలుగుతున్న మా ఉద్దానం (శ్రీకాకుళం జిల్లా) పూరణ ఇదీ.
కవిటి పల్లెల కిడ్నీల కష్టమెరుగ
నట్టి దొర యేసి గదిలోన నడుము వాల్చి
జీడిపప్పు నమలుచునుఁ జెప్పెనిట్లు:
దుఃఖములు లేని లోకము తుచ్ఛమగును

ఈ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ తేలలేదు. హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో తెచ్చే పథకం, పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. మంచి నీళ్లొస్తే బతుకు చప్పబడిపోతుందని మా ఊళ్లో ఎవరూ దిగులు పడలేదు.

బొబ్బిలి మాస్టారు: ఆ దొర నేనేనా బాబూ? రోగం కావాలని నేననలేదే! శ్రమ, పోటీ, ఎడబాటు లేని బతుకు చప్పన అన్నాను. అన్నట్టు ఏసీని 'ఏసి' చేసేశారు.

కవిటి సభ్యుడు: ఛందస్సు కోసం కరెంటు ఆదా చేశానండీ. ఇచ్చిన పాదంలో శ్రమ లేదు, దుఃఖమే ఉంది.

నిర్వాహకుడు: పాదాన్ని ఎవరి నోట పెట్టాలో తెలిసిన పూరణ. ఈసారికి ఇదే నాకు నచ్చింది. వీణ పద్యం చెవికింపుగా ఉంది గానీ వాదం నిలబడలేదు.

చీపురుపల్లి కుర్రాడు: నాది ఒక్క పాదమే అయింది.
అందరికి నొక్క మూసలో బ్రతుకు పోసి

నిర్వాహకుడు: గణాలు (గురులఘువుల లెక్క) సరే, యతి తప్పింది. 'అ'కి నాలుగో గణంలోని 'బ్ర'తో కుదరదు. 'మూసలో నాశ పోసి' అని చూడు, 'ఆశ' అన్నమాట.

సాలూరు సభ్యురాలు: 'నాశ' అంటే నాశనంలా వినబడుతోంది!

నిర్వాహకుడు: వినబడనీ, ఇక్కడ పనికొస్తుంది. నేనేం ఆశపడాలో కూడా ఇంకొకరే నిర్ణయించే ఊళ్లో ఏ కష్టం లేకపోయినా నేనుండలేను. అసలు భయం అది, దుఃఖం లేకపోవడం కాదు. అబ్బాయ్, మిగతా రెండు పాదాలూ శుక్రవారంలోగా పెట్టు.