ఆర్వీలో (మంచాలు, వంటగది ఉన్న ఇల్లులాంటి బండి) వెనకాల డైనెట్ (టేబుల్, దానికి అటూ ఇటూ బెంచీలు) దగ్గర పిల్లల్ని, అమ్మానాన్నల్ని కూర్చోబెట్టుకుని ప్రయాణం చెయ్యొచ్చా?

ఫ్రీమాంట్_నాన్న అడిగారు:

నమస్తే అండి. జూన్‌లో మా అమ్మానాన్న గుంటూరు నుంచి వస్తున్నారు. యూటాలో జయాన్, బ్రైస్ కెన్యన్ నేషనల్ పార్కులు చూపిద్దామని 30 అడుగుల క్లాస్ సి ఆర్వీ (వ్యాన్ ముందు భాగం ఉండి వెనక ఇల్లు కట్టిన రకం) బుక్ చేశాను. వేగస్‌లో ఒక రాత్రి ఆగుతాం. మొత్తం ఆరుగురం. నేను, మా ఆవిడ, నాన్న (72), అమ్మ (68), పాపకి ఆరేళ్ళు, బాబుకి 16 నెలలు. సైట్లో "ఆరుగురు పడుకోవచ్చు" అని ఉంది, అది చూసే తీసుకున్నాను.

నిన్న అద్దెకిచ్చేవాళ్ళకి ఫోన్ చేసి పిల్లల కార్ సీట్లు ఎక్కడ బిగించాలని అడిగాను. "టేబుల్ దగ్గర బెల్టులున్నాయి, ఎక్కడ కుదిరితే అక్కడ పెట్టుకోండి" అన్నారు. ఆ జవాబు విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఇంకో సంగతి, అమ్మకి మోకాళ్ళ నొప్పులు. "వెనకాల మంచం ఉందిగా నాయనా, నేను పడుకుని వచ్చేస్తా" అంటోంది. వద్దని ఎలా చెప్పాలో తెలియట్లేదు, అసలు చెప్పాలో వద్దో కూడా తెలియట్లేదు. పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

హ్యూస్టన్_రాజు:

బ్రదర్, మేం ఇలాగే రెండు కుటుంబాలు ఎల్లోస్టోన్ వెళ్ళొచ్చాం. పిల్లలు సోఫా మీద కూర్చుని కార్డులు ఆడుకుంటూ వచ్చారు, పెద్దవాళ్ళు మంచం మీద పడుకున్నారు. ఏమీ కాలేదు. మెల్లగా నడపండి, చాలు. ట్రిప్ మాత్రం జన్మలో మర్చిపోలేరు.

ఫోల్సమ్_పెద్దక్క:

రాజు గారూ, క్షేమంగా తిరిగొచ్చారు, సంతోషం. మాకూ నాలుగు రోజుల దాకా ఏమీ కాలేదండి. ఐదో రోజు బార్‌స్టో దాటాక 15వ నంబరు హైవే మీద వెళ్తుంటే ముందు పికప్ ట్రక్కులోంచి అల్యూమినియం నిచ్చెన జారి రోడ్డు మీద పడింది. మా ఆయన బ్రేక్ తొక్కారు. దేన్నీ గుద్దుకోలేదు, నిచ్చెనకి ఇవతలే ఆగాం. కానీ సరిగ్గా అప్పుడే మా అత్తయ్య బెల్టు తీసి, ఫ్లాస్కులోంచి టీ పోద్దామని లేచారు. ఆవిడ మూడడుగుల అవతలున్న ఫ్రిజ్ హ్యాండిల్‌కి వెళ్ళి కొట్టుకున్నారు. భుజం ముందర ఎముక విరిగింది. ఆరు వారాలు చెయ్యి మెడకి వేలాడదీసుకుని మా ఇంట్లో ఒక కుర్చీలో కూర్చున్నారు పాపం, ఇండియా వెళ్ళే టికెట్ వెనక్కి జరిపాం. యాక్సిడెంట్ అవలేదు, బండికి గీత కూడా పడలేదు. ఇదంతా ఒక్క బ్రేకుకి.

ఆ తర్వాత నేను ఊరుకోలేకపోయాను. పిల్లల కార్ సీట్లు బిగించే టెక్నీషియన్ కోర్సు చేసి సర్టిఫికెట్ తీసుకున్నాను. అందుకే తమ్ముడూ, నీకు కాస్త వివరంగా రాస్తున్నా, విసుక్కోకు.

"ఆరుగురు పడుకోవచ్చు" అన్నది రాత్రి లెక్క. బండి కదిలేటప్పుడు ఎంతమంది కూర్చోవచ్చన్నది వేరే లెక్క, ఆ లెక్క ఎవరూ బోర్డు మీద రాయరు, మనమే అడగాలి. నువ్వు తీసుకున్న సైజు క్లాస్ సి ఎక్కువగా ఫోర్డ్ ఈ-450 మీద కడతారు. డ్రైవర్ తలుపు తీస్తే పక్క పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది, మొత్తం బరువు 14,500 పౌండ్లు అని. 10,000 పౌండ్లు దాటిన బండికి ఫెడరల్ రూల్స్ ముందు సీట్లకి బెల్టు ఉండాలంటాయి కానీ, వెనక సీట్లని మన కార్లలో వెనక సీటంత గట్టిగా పట్టించుకోవు. మామూలు కార్లలో వెనక కిటికీ పక్క సీట్లకి భుజం మీదుగా వచ్చే బెల్టు 1989 చివర్నుంచే తప్పనిసరి. నీ ఆర్వీలో డైనెట్ దగ్గర చాలావరకు నడుం బెల్టే ఉంటుంది. ఆ తేడా పాప దగ్గర తగులుకుంటుంది.

పాపకి ఇప్పుడు బూస్టర్ (కారు బెల్టు సరిగ్గా ఆనేలా పిల్లని ఎత్తులో కూర్చోబెట్టే సీటు) వాడుతుంటారు కదా? బూస్టర్‌కి భుజం బెల్టు ఉండి తీరాలి. నడుం బెల్టుతో బూస్టర్ మీద కూర్చోబెడితే, బ్రేక్ వేసినప్పుడు పిల్ల నడుం దగ్గర మడత కత్తిలా ముందుకు వంగుతుంది, బెల్టు పొట్టలోకి దిగుతుంది. కాబట్టి ఆ ట్రిప్‌కి పాపకి ఐదు పట్టీల హార్నెస్ ఉన్న సీటు కావాలి. 65 పౌండ్ల దాకా తీసుకునేవి దొరుకుతాయి, నడుం బెల్టుతో బిగుస్తాయి. కానీ ఆ సీటుకి వెనక పైనుంచి కట్టే టెదర్ పట్టీ ఉంటుంది, ఆర్వీలో దాని కొక్కేనికి చోటుండదు చాలాసార్లు. టెదర్ లేకుండా ఆ మోడల్ వాడనిస్తారో లేదో సీటు మాన్యువల్లో చూడు. లాచ్ కొక్కేలు (బెల్టు లేకుండా పిల్లల సీటు తగిలించడానికి కార్లలో ఉండేవి) కూడా ఉంటాయని అనుకోకు, అవి 8,500 పౌండ్ల లోపు బండ్లకి పెట్టిన రూలు.

బాబు కాలిఫోర్నియాలో రెండేళ్ళు నిండేదాకా వెనక్కి తిరిగే సీట్లోనే కూర్చోవాలి, 40 పౌండ్లో 40 అంగుళాలో దాటితే తప్ప. వాడి సీటు మాత్రం ముందుకు చూసే బెంచీ మీదే బిగించాలి. డైనెట్లో ఒక బెంచీ ముందుకి, ఇంకోటి వెనక్కి చూస్తుంది. వెనక్కి చూసే బెంచీ మీద గానీ, పక్కకి చూసే సోఫా మీద గానీ పిల్లల కార్ సీటు పెట్టకూడదు, ఏ కంపెనీ మాన్యువల్ తిప్పినా ఈ మాట ఉంటుంది. డ్రైవర్ పక్కన ఎయిర్ బ్యాగ్ పనిచేసే సీట్లో వాణ్ణి కూర్చోబెట్టాలన్న ఆలోచనే వద్దు.

ఇప్పుడు లెక్క చూడు. ముందు ఇద్దరు, డైనెట్లో ముందుకి చూసే బెంచీ మీద ఇద్దరు పిల్లలు. నలుగురికి సీట్లు దొరికాయి. మిగిలిన ఇద్దరు పెద్దవాళ్ళకి ఉన్నవి వెనక్కి చూసే బెంచీ, లేదా సోఫా. బెంచీ వీపు ఎంత ఎత్తుందో చూశావా? మేం తీసుకున్న బండిలో నా భుజాల దాకా కూడా రాలేదు, తలకి ఆధారం లేదు.

మంచం సంగతి. గంటకి 60 మైళ్ళ వేగంతో వెళ్తున్న మనిషి గోడకి తగలడం అంటే పన్నెండో అంతస్తు నుంచి పడినంత. మంచం మీద పడుకున్నవాళ్ళని ఆపేది ఏదీ లేదు, దుప్పటితో సహా ముందుకొస్తారు. మీ అమ్మగారి మోకాళ్ళకి గంటన్నరకోసారి బండి ఆపడం మేలు. 58వ నంబరు హైవే మీద బోరాన్ దగ్గర రెస్ట్ ఏరియా ఉంది, అక్కడ పది నిమిషాలు నడిపించు. "మంచం రాత్రికి అమ్మా" అని చెప్పు, కారణం చెప్తే వింటారు. మా అత్తయ్యకి ముందే చెప్పలేదే అని నాకు ఇప్పటికీ బాధ.

నీ స్థానంలో నేనుంటే పిల్లల్ని, అమ్మగారిని మీ కారులో తీసుకెళ్తా. ఒకరు ఆర్వీ, ఒకరు కారు. పిల్లల సీట్లు ఎలాగూ కారులో బిగించే ఉంటాయి.

వరంగల్_టు_డెన్వర్:

అక్క చెప్పింది అక్షరాలా నిజం. నేను ఒక్కటి కలుపుతా అన్నా. బండి తీసుకునేటప్పుడు డైనెట్ మీది దిండు లేపి చూడు. వెల్‌క్రోతో అంటించి ఉంటది, సుర్రుమని ఊడొస్తది. కింద ప్లైవుడ్ డబ్బా ఉంటది. ఆ మూత తీసి లోపలికి ఫోన్ లైట్ కొట్టు. బెల్టు చివర బోల్టు కిందికి పోయి ఇనుప ఫ్రేముని పట్టుకుందా, లేదా చెక్కకి బిగించి ఉందా కనబడ్తది. నేను చూసిన రెండు బండ్లల్ల ఒకదాంట్ల బోల్టు కింద అరచేతంత ఇనుప పలక ఉండె, కింద చాసిస్ కమ్మీకి దిగింది. రెండోదాంట్ల కర్రస్క్రూలతోని బిగించిండ్రు, వేలుతోని కదిపితే కదిలింది. ఆ బండి వద్దని అక్కడనే చెప్పిన, కౌంటర్ల ఉన్నాయన మొహం మాడ్చిండు గానీ వేరేది ఇచ్చిండు.

ఇంకోటి, టేబుల్. పిల్లలకి తల ముందర టేబుల్ అంచు ఉండకుండ చూడు. కాలు మడిస్తే కిందికి దిగే రకమైతే దించెయ్యి, లేకపోతే విప్పి మంచం మీద పెట్టి కట్టెయ్యి. మనోళ్ళు ప్రెషర్ కుక్కర్, ఇడ్లీ పాత్ర, ఐదు కేజీల బియ్యం సంచి తెస్తరు కదా, అవన్నీ నేలకి దగ్గర అరల్ల పెట్టి తలుపు గడియ వెయ్యాలె. పై అల్మరాల్ల బట్టలు, బ్రెడ్డు తప్ప ఏం పెట్టకు. బండి నడుస్తుంటే స్టవ్ ముట్టియ్యొద్దు, బాత్రూం పోవుడు ఉంటే ఆపుమనాలె, సిగ్గు పడొద్దు.

కారు వెంట తీస్కపోతే ఇంకో లాభం. జయాన్ మౌంట్ కార్మెల్ సొరంగం 1930ల నాటిది, పొడుగు, ఎత్తు ఉన్న బండ్లకి అక్కడ ఆంక్షలు ఉంటయి. పార్క్ సైట్ల నీ ఆర్వీ కొలతలు పెట్టి చూస్కో. కారుతోని పోతే ఆ తలనొప్పి లేదు. సెయింట్ జార్జ్ కంటే ముందు 15 మీద వర్జిన్ నది లోయ వంకర్లు తిరుగుతది, ఆడ ఎవ్వరూ బెల్టు తీయొద్దు.

ఫ్రీమాంట్_నాన్న:

అక్కా, అన్నా, చాలా థాంక్స్. నిన్న శనివారం బండి చూడ్డానికి వెళ్ళాను. దిండు లేపాను. బోల్టు ఇనుప కమ్మీకే ఉంది, అది మంచిదే. కానీ మా బాబు సీటు అక్కడ పెట్టి బెల్టు ఎంత లాగినా, కింద దిండు మెత్తగా ఉండి సీటు పక్కకి రెండంగుళాలు ఊగుతోంది. అంగుళం కన్నా ఎక్కువ కదలకూడదని మాన్యువల్లో చూశాను. మోకాలితో అదిమి మళ్ళీ లాగా, అయినా కుదర్లేదు. అక్కడే నిర్ణయం తీసుకున్నా. ఆర్వీ 25 అడుగులదానికి మార్చాను, అద్దె కూడా కొంచెం తగ్గింది. నేనూ నాన్నా అందులో ముందు సీట్లలో వెళ్తాం. మా ఆవిడ మా కారు టొయోటా సియెన్నాలో అమ్మని, పిల్లల్ని తీసుకొస్తుంది. అమ్మకి ఫోన్లో చెప్పాను. అక్కా, మీ అత్తయ్యగారి సంగతి కూడా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి కారులో నా కాళ్ళ కింద చిన్న పీట పెడతారా?" అని అడిగింది.

ఒక సందేహం. పీట కింద జారకుండా ఏం వెయ్యాలి? బ్రేక్ వేస్తే అది కూడా ఎగురుతుంది కదా?

ఫోల్సమ్_పెద్దక్క:

పీట వద్దు తమ్ముడూ, నువ్వనుకున్నది నిజమే, ఎగురుతుంది. మధ్య వరస సీటు వీలైనంత వెనక్కి జరుపు, కాళ్ళు చాపుకోవడానికి చోటొస్తుంది. ఆవిడ మడమల కింద మెత్తటి శాలువా చుట్టి పెట్టు. సీటు వీపు మరీ వాల్చనివ్వకు, వాల్చితే భుజం బెల్టు ఒంటికి ఆనదు. బయల్దేరే ముందు పిల్లల సీట్లు ఒకసారి మీ దగ్గర హైవే పాట్రోల్ (హైవే పోలీసుల) ఆఫీసులో అపాయింట్‌మెంట్ తీసుకుని చూపించుకో, డబ్బులు తీసుకోరు.