జెడ్06 కొనాలా, పాత హురకాన్ కొనాలా? నడిపినవాళ్ళు చెప్పండి

డాలస్ శీను
అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ సెడాన్లతోనే కాపురం చేశాను. ఇప్పుడు ఇంట్లో పర్మిషన్ దొరికింది, సరదాకి ఒక మంచి బండి కొందామని. రెండింటి మధ్య ఊగుతున్నాను. ఒకటి షెవర్లే వాళ్ళ కార్వెట్ సీ8 జెడ్06. రెండోది తక్కువ మైళ్ళు తిరిగిన 2015 లంబోర్గిని హురకాన్, ఎల్‌పీ 610-4. డబ్బు లెక్కలు నేను చూసుకుంటాను. నడిపేటప్పుడు ఏది ఎలా ఉంటుందో చెప్పండి చాలు. స్టీరింగు చేతికి తెలుస్తుందా, ట్రాఫిక్‌లో విసిగిస్తుందా, మా అపార్ట్‌మెంట్ గేటు ర్యాంపుకు ముక్కు తగులుతుందా? మోకాళ్ళ నొప్పులున్న మా నాన్నగారు ఎక్కి దిగగలరా? యూట్యూబ్ రివ్యూలు చూసీ చూసీ బుర్ర వేడెక్కిపోయింది.

వీ10 వీరభద్రం
ఇందులో అడగడానికేముంది, హురకాన్! అమెరికా కార్లు తిన్నగా ఉరకడానికి పనికొస్తాయి, మలుపు వచ్చిందంటే దేవుడే దిక్కు. 5.2 లీటర్ల వీ10 ఇంజిను మీ వీపు వెనక నిమిషానికి 8,500 చుట్ల దాకా తిరుగుతూ పెట్టే కేక ఒక్కసారి వినండి, ఇక షెవర్లే షోరూం వైపు కాలు కూడా పోదు. కార్వెట్‌కి వెనక చక్రాల మధ్య లారీ కమాన్ కట్టలు వేస్తారని తెలుసా మీకు?

సీ8 సత్తిబాబు
వీరభద్రం గారూ, ఆ కమాన్ కట్ట ముందు తరం సీ7తోనే పోయింది. సీ8కి నాలుగు మూలలా కాయిల్ స్ప్రింగులే. పాతది కూడా లారీ ఇనుము కాదు, ఫైబర్‌తో చేసిన ఒంటి ఆకు. అది ఉండగానే ఎన్ని రేసులు గెలిచిందో చూసుకోండి. ఇంతకీ మీరు కార్వెట్ నడిపిందెప్పుడు? ఫొటోలో చూశారా?

శీను గారూ, నాది మామూలు సీ8, 495 హార్స్‌పవర్ ఎల్‌టీ2 ఇంజిను. ర్యాంపు సంగతి చెబుతాను. ఫ్రంట్ లిఫ్ట్ ఆప్షన్ ఉన్న బండే తీసుకోండి. మూడు సెకన్లలోపే ముక్కు 40 మిల్లీమీటర్లు లేస్తుంది. అసలు సుఖం ఏంటంటే జీపీఎస్‌లో ఆ చోటు ఒకసారి సేవ్ చేస్తే తర్వాత గేటు దగ్గరికి రాగానే తనే లేస్తుంది. అలా వెయ్యి చోట్ల దాకా గుర్తుపెట్టుకుంటుంది. మా ఆవిడ మొదటిసారి చూసి కారుకి దయ్యం పట్టిందనుకుంది. హురకాన్‌లో ప్రతిసారీ బటన్ నొక్కాలి, మర్చిపోయారంటే బంపరు కింద కర్రుమంటుంది.

మారనెల్లో మాస్టారు
రెండూ వద్దు, ఫెరారీ 458 చూడండి. నడపడం గురించి అడిగారు కదా, అదే చెబుతున్నాను. 4.5 లీటర్ల వీ8, 570 గుర్రాలు, 9,000 ఆర్‌పీఎం, టర్బో లేదు. స్టీరింగు వేగంగా తిరుగుతుంది కాబట్టి ఘాట్ రోడ్డు మీద కూడా చేతులు చక్రాన్ని వదలక్కర్లేదు. ముఖ్యంగా పాడిల్స్, అంటే చక్రం వెనక ఉండే గేరు మీటలు. 458లో అవి చక్రంతో తిరగవు, వెనక కదలని స్టీరింగు కాలమ్‌కు బిగించి ఉంటాయి. పై గేరు ఎప్పుడూ కుడిచేతి వైపే. మీ కార్వెట్‌లో పాడిల్స్ చక్రంతోపాటే గిరగిరా తిరుగుతాయి. హెయిర్‌పిన్‌లో, అంటే వెనక్కి తిప్పేసే మలుపులో, ఏది పైకో ఏది కిందికో వెతుక్కోవాలి.

సీ8 సత్తిబాబు
మాస్టారూ, హెయిర్‌పిన్ మధ్యలో గేరు మార్చమని ఎవరు నేర్పారండీ? మలుపుకు ముందు, బ్రేకు మీద ఉండగానే దించుకోవాలి. చేతులు చక్రం మీదే ఉంటే పాడిల్ వేళ్ళ కిందే ఉంటుంది, వెతకడం దేనికి?

మారనెల్లో మాస్టారు
దించడం గురించి ఎవరు మాట్లాడారు? మలుపులోంచి బయటికొస్తున్నారు, చక్రం ఇంకా వంకరగానే ఉంది, రెండో గేరులో రెడ్‌లైన్, అంటే ఇంజిను తిరగగలిగే హద్దు, తగిలింది. అప్పుడేం చేస్తారు? ట్రాక్ మీద నడిపిన ఎవరినైనా అడగండి.

ఒంగోలు కోడె
నా దగ్గర ఉన్నది శీను గారు అడిగిన 610-4 హురకానే. అందులోనూ పాడిల్స్ కాలమ్‌కే ఉంటాయి, పొడుగ్గా. కానీ ఈ గొడవ కంటే ముందు ఆయన చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. చూస్తున్న బండికి డైనమిక్ స్టీరింగు ఆప్షన్ పెట్టించారా లేదా అని అడగండి. స్పీడుని బట్టి, మోడ్‌ని బట్టి అది స్టీరింగు రేషియో, అంటే ఎంత తిప్పితే టైర్లు ఎంత తిరుగుతాయన్నది, మార్చేస్తుంది. రోడ్డు మోడ్ స్ట్రాడాలో ఒక తీరు, ట్రాక్ మోడ్ కోర్సాలో ఇంకో తీరు. అదే మలుపుకి నిన్న ఎంత తిప్పారో ఇవాళ అంత తిప్పితే చాలదు. అది లేని బండి దొరికితే వదలకండి. ఇక నాలుగు చక్రాలకూ పవర్ వెళ్తుంది కాబట్టి వానలో ధైర్యంగా ఉంటుంది. అయితే మలుపులోకి స్పీడుగా వెళ్ళి తొందరపడి యాక్సిలరేటర్ తొక్కితే ముక్కు బయటికే పోతుంది. కాస్త ఓపిక పట్టి, ముందు తిరగనిచ్చి, ఆ తర్వాత తొక్కాలి. వెనక అద్దంలోంచి ఏమీ కనబడదు, అది మాత్రం రాసి పెట్టుకోండి.

వీ10 వీరభద్రం
కోడె గారూ, మీరు కూడా వాళ్ళ పక్షానే మాట్లాడితే ఎలా? ముక్కు బయటికి పోతే జర్మనీ రేస్ ట్రాక్ నూర్‌బర్గ్‌రింగ్‌లో హురకాన్ పెర్ఫార్మాంతె మోడల్ 6 నిమిషాల 52.01 సెకన్లలో ఎలా తిరిగింది?

గరాజ్ గురువు
నేను డెట్రాయిట్ దగ్గర సస్పెన్షన్ల పనిలోనే ఉంటాను, కాబట్టి కొంచెం ఆగి వినండి. పెర్ఫార్మాంతె టైము పాత కొలత మీద, అంటే 20.6 కిలోమీటర్ల ల్యాపు మీద తీసింది. 2025లో కార్వెట్ జెడ్‌ఆర్1 టైము 6:50.763. అది 20.832 కిలోమీటర్ల పూర్తి ల్యాపు. పైగా నడిపింది రేసర్లు కారు, కంపెనీ ఇంజినీర్లే. మలుపులు తిరగని బండికి ఆ టైము వస్తుందా?

ఇంకొకటి. మీరంతా ఇటలీ సస్పెన్షన్ అని మురిసిపోతున్నారే, 458లో, హురకాన్ ఆప్షన్లలో ఉన్న మాగ్నెటిక్ డంపర్లు (షాక్ అబ్జార్బర్లు) ఎక్కడివి? లోపలి నూనెలో ఇనుప రజను, కరెంటు ఇవ్వగానే గట్టిపడుతుంది. అది షెవర్లే సొంతదారు జీఎం, విడిభాగాల కంపెనీ డెల్ఫీ చేసిన పని. 2002లో క్యాడిలాక్ సెవిల్‌లో మొదట వచ్చింది, మరుసటి ఏడే కార్వెట్‌లోకి ఎక్కింది. ఫెరారీ 599కి వచ్చేసరికి 2006. మీరు గతుకుల మీద ఆహా అనుకున్నప్పుడల్లా అది డెట్రాయిట్ పుణ్యమే.

వీ10 వీరభద్రం
ఇనుప రజను మీదైతే డాడ్జ్ వైపర్ వీ10 ఎవరిది సార్? అప్పట్లో లంబోర్గిని క్రైస్లర్ చేతిలో ఉండేది. లారీ కోసం చేసిన ఇనుప ఇంజినును అల్యూమినియం బ్లాకుగా మార్చడానికి లంబోర్గిని ఊరు సాంతాగాతా వాళ్ళ సాయమే తీసుకున్నారు. పాఠం చెప్పేటప్పుడు ఆ పేజీ కూడా తిప్పండి.

గరాజ్ గురువు
అందులో నాకు అభ్యంతరం ఏమీ లేదు. మీరు ల్యాప్ టైముకి జవాబు చెప్పలేదు.

ఆరో గేరు
క్లచ్ పెడల్ లేని బండి గురించి ఇంత గొడవా! సీ8కి మాన్యువల్ లేదు, 458కి లేదు, హురకాన్‌కి లేదు. ముగ్గురూ చేస్తున్నది వేళ్ళతో మీట నొక్కడం. నడుమ ఇంజిను వీ8 ఫెరారీల్లో మాన్యువల్ దొరికే చివరిది ఎఫ్430. ఆ లోహపు గేటులో లివరు ఒక గాడి నుంచి ఇంకో గాడికి పడుతూ టక్కుమనడం చేతికి తెలిస్తే చాలు, ఇక 8,500ల గోల ఎవరికి కావాలి?

అమెరికా వైపు వైపరే అసలు బండి. 1992 మొదటి ఆర్‌టీ/10కి ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగ్ లేదు, తలుపుకి బయట పిడి కూడా లేదు. 8 లీటర్ల ఇంజిను, పొగ గొట్టాలు రెండు పక్కలా తలుపుల కింద. నిక్కరు వేసుకుని దిగితే పిక్క కాలాల్సిందే. నా పిక్క మీద మచ్చ ఉంది, గర్వంగా చూపిస్తా.

వేగాస్ వెంకీ
ఆరో గేరు అన్నా, మచ్చ ఫ్రీగా వచ్చింది కదా, సంతోషించండి. నేను డబ్బులు కట్టి మరీ తెచ్చుకున్నాను. వేగాస్‌లో ట్రాక్ మీద సూపర్‌కార్లు అద్దెకిచ్చే ఒక చోట హురకాన్, కార్వెట్ రెండూ ఒకే పూట నడిపాను. పక్కన ఇన్‌స్ట్రక్టర్ కూర్చుని తొక్కు తొక్కు అని అరుస్తాడు, తొక్కితే బ్రేక్ బ్రేక్ అని అరుస్తాడు. ఇక స్టీరింగు ఏం చెప్పిందో నాకెలా తెలుస్తుంది, ఆయన అరుపే వినబడింది. దిగాక చక్రం మీద గీత చూపించి బిల్లు వేశారు. ముందే ఫొటో తీసుకోనివ్వమంటే టైము లేదన్నది వాళ్ళే! అందుకే చెబుతున్నా, ఇక్కడ ట్రాక్ మీద నడిపాను అనేవాళ్ళలో సగం మంది అనుభవం ఇంతే.

మారనెల్లో మాస్టారు
నా అనుభవం అద్దె అనుభవం కాదు వెంకీ.

సీ8 సత్తిబాబు
మాస్టారూ, పాడిల్స్ విషయంలో ఒక ప్రశ్న మిగిలింది. 458లో ఇండికేటర్ కాడ తీసేసి చక్రం మీద రెండు బటన్లు పెట్టారు కదా? రౌండబౌట్‌లో చక్రం తిప్పి పట్టుకుని ఉన్నారు, బయటికి పోవాలి. కుడి బటన్ అప్పుడు ఎక్కడుంటుంది? గేరేమో స్థిరంగా ఉండాలట, ఇండికేటర్ మాత్రం చక్రంతో షికారు చేయొచ్చట! ఇదేం న్యాయం?

మారనెల్లో మాస్టారు
రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

సీ8 సత్తిబాబు
తిరిగే పాడిల్స్ కూడా అంతే మాస్టారూ 😄

మొదేనా మల్లి
నేను ఇక్కడ ఇటలీలో, మొదేనాలో చదువుకుంటున్నాను. ఫెరారీ ఊరు మారనెల్లోలో మ్యూజియం పక్కన పది నిమిషాల చొప్పున ఫెరారీ నడపనిస్తారు, పక్కన వాళ్ళ మనిషి కూర్చుంటాడు. రోడ్డు మీద మాకు రోజూ ప్రోవా (టెస్టు) ప్లేట్లు పెట్టుకున్న కొత్త బండ్లు కనబడతాయి. అబెతోనె కొండ వైపు పోయే దారి చూశాక నాకర్థమైంది, ఈ బండ్లు ఎందుకు ఇలా ఉంటాయో. రోడ్డు సన్నం, మలుపు వెనక మలుపు, మధ్యలో అతుకుల తారు. అమెరికాలో ఉన్నంత వెడల్పు ఇక్కడ లేదు.

కానీ ఇక్కడివాళ్ళు అందరూ వీటిలో తిరుగుతారనుకోకండి. 185 కిలోవాట్లు దాటిన ప్రతి కిలోవాటుకీ ఏడాదికి 20 యూరోల చొప్పున సూపర్‌బొల్లో అనే అదనపు పన్ను కట్టాలి. 610 గుర్రాల హురకాన్ అంటే 449 కిలోవాట్లు, లెక్క వేస్తే 5,280 యూరోలు. మామూలు రోడ్ ట్యాక్సు అదనం. బండి పాతబడేకొద్దీ తగ్గుతుంది, 20 ఏళ్ళు దాటితే ఉండదు. అందుకే ఇక్కడ పాత బండ్లకు అంత గిరాకీ.

కూకట్‌పల్లి కిరణ్
మీరంతా అదృష్టవంతులు. హైదరాబాద్‌లో కూర్చుని ఈ థ్రెడ్ చదవడమే మాకు. దిగుమతి సుంకాలు కట్టేసరికి ధర రెట్టింపు దాటుతుంది, ఎడమ స్టీరింగు బండికి రిజిస్ట్రేషనే ఇవ్వరు. సీ8ని కుడి స్టీరింగుతో కూడా చేస్తున్నారు, కానీ జీఎం ఇక్కడ కార్లు అమ్మడం 2017లోనే ఆపేసింది. అన్నలూ, జూబ్లీహిల్స్ స్పీడ్ బ్రేకర్లకు ఆ 40 మిల్లీమీటర్లు సరిపోతాయంటారా?

సీ8 సత్తిబాబు
సరిపోవు తమ్ముడూ. అక్కడికి క్రేన్ కావాలి.

డాలస్ శీను
అయ్యా, పాడిల్స్, ఇనుప రజను, పిక్కలు అన్నీ చదివాను. మోకాళ్ళ సంగతి ఎవరైనా చెబుతారా?

ఒంగోలు కోడె
మా మామగారిని ఎక్కిస్తున్నాను కాబట్టి చెబుతున్నా. కాలు ముందు పెట్టనివ్వకండి. తలుపు పూర్తిగా తీసి, వీపు బండివైపు పెట్టి, ముందు సీట్లో కూర్చోమనాలి. తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి. దిగేటప్పుడు కాళ్ళు రెండూ బయటపెట్టాక మీరు చెయ్యి ఇవ్వాలి, లేకపోతే ఆయన తలుపు పట్టుకుని లేస్తారు, తలుపు కదులుతుంది. హురకాన్ పైకప్పు కిందికి ఉంటుంది, తల జాగ్రత్త. ఈ ఒక్క విషయంలో కార్వెట్ నయం. పైకప్పు పలక తీసి డిక్కీలో పెట్టేస్తే పెద్దవాళ్ళు నిలబడి ఉన్నట్టే లోపలికి దిగొచ్చు. డిక్కీ ఇంజిను వెనకే ఉంటుంది కాబట్టి వేడెక్కుతుంది, స్వీట్లు పెట్టకండి.

గరాజ్ గురువు
శబ్దమంటే వీ10దే అన్న వీరభద్రం గారి మాటకు ఎవరూ జవాబివ్వలేదు. జెడ్06 ఎల్‌టీ6 ఇంజిను 5.5 లీటర్లు, 670 హార్స్‌పవర్, 8,600 ఆర్‌పీఎం. క్రాంక్ ఫెరారీ వీ8ల్లో లాగా ఫ్లాట్ ప్లేన్, అంటే దాని పిన్నులన్నీ ఒకే తలంలో ఉంటాయి. మామూలు సీ8లో వినిపించే ఆ గుడగుడ ఇందులో ఉండదు. శీను గారూ, టెస్ట్ డ్రైవ్‌లో 4,000 దగ్గర తిప్పి తీర్పు చెప్పకండి. దాని బలమంతా 6,000 దాటాకే.

వీ10 వీరభద్రం
ఫెరారీలో లాగా ఉంది అని మీరే పొగుడుతున్నారంటే అసలుది ఏదో అందరికీ తెలిసిపోయింది. నమస్తే!

గరాజ్ గురువు
అసలుదాన్ని ల్యాపులో ఎవరు దాటారో కూడా తెలిసిపోయింది.

వేగాస్ వెంకీ
శీను గారు డాలసే కదా. టెనెసీ, నార్త్ కరోలినా సరిహద్దులో టెయిల్ ఆఫ్ ది డ్రాగన్ ఉంది, 11 మైళ్ళలో 318 మలుపులు. ఏది కొన్నా అక్కడికి తీసుకురండి. సత్తిబాబు గారు, మాస్టారు కూడా వస్తే పాడిల్స్ పంచాయితీ అక్కడే తేల్చుకోవచ్చు. ఇన్‌స్ట్రక్టర్ మాత్రం వద్దు.

మారనెల్లో మాస్టారు
నేను రెడీ. సత్తిబాబు గారు రౌండబౌట్లు లేని దారి చూసుకుని వస్తే చాలు.

సీ8 సత్తిబాబు
డాలస్ నుంచి అది పన్నెండు గంటల పైమాటే. నేను నడుపుకుంటూనే వస్తాను. మీరు ట్రైలర్ మీద తెచ్చుకోకండి మాస్టారూ!